చైనా కళాకారుల ఇన్‌స్టలేషన్లు (వస్తువులతో గది నిండా పేర్చి చూపించే కళాకృతులు) ఎదురుగా చూసినవాళ్లు ఉన్నారా?

పిట్టగోడ:
ఆ రోబో వీడియో మళ్లీ తిరుగుతోంది. ఎర్రటి నూనె కారిపోతుంటే ఒక మరచెయ్యి దాన్ని ఊడ్చుకుని దగ్గరికి లాక్కుంటూ ఉంటుంది. ఆ నూనె అయిపోతే అది చచ్చిపోతుందట, 2019లో చచ్చిపోయిందట, వెనక ఒక ఏడుపు పాట. నిజమేనా? ఇలాంటివి ఎవరైనా స్వయంగా చూశారా, లేక అందరం ఫోన్లోనేనా?

వెల్డింగ్‌బాబు:
నూనె కథ శుద్ధ అబద్ధం. సున్ యువాన్, పెంగ్ యూ అనే కళాకారులిద్దరూ కలిసి న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కోసం 2016లో చేసిన పని అది. కూకా కంపెనీ రోబో, కార్ల ఫ్యాక్టరీల్లో వాడే రకం, నడిచేది కరెంటు మీద. ఆ ఎర్రటిది రంగు కలిపిన చిక్కటి నీళ్లు, అది ఉన్నా లేకపోయినా రోబోకి ఏమీ కాదు. ద్రవం హద్దు దాటిందని సెన్సర్లు పసిగడితే ఊడుస్తుంది, మధ్యలో వంగడం, గోక్కోవడం లాంటి 32 కదలికలు నేర్పారు. 2019లో వెనిస్ బినాలేలో, అంటే ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శనలో చూశాను. అద్దాల గోడల నిండా ఎర్రటి మరకలు, బయట జనం ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. సరిహద్దులు, కాపలా, రక్తం గుర్తొస్తాయి గానీ ‘అయ్యో పాపం’ అనిపించదు, కాస్త భయమేస్తుంది.

టీకప్పు_లండన్:
నాది వేరే కథ అండీ. అయ్ వేవే అనే కళాకారుడి పొద్దుతిరుగుడు గింజలు, లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం, 2010. పది కోట్ల పింగాణీ గింజలు, జింగ్‌డెజెన్ అనే ఊళ్లో 1600 మంది చేత్తో రంగు వేసినవి. మొదట్లో వాటి మీద నడవనిచ్చారు, కొన్ని రోజులకే పింగాణీ దుమ్ము ఊపిరికి మంచిది కాదని తాడు కట్టేశారు. నేను వెళ్లేసరికి తాడే. దూరం నుంచి చూస్తే కంకర పోసినట్టు బూడిదరంగు, అంతే. పక్కన తయారీ వీడియో వేశారు, ఒక్కో గింజ మీద కుంచెతో గీతలు గీస్తున్న ఆడవాళ్లని చూశాకే ఆ కుప్ప ఎంత పెద్దదో అర్థమైంది. మావోని సూర్యుడిగా, జనాన్ని అటు తిరిగే పువ్వులుగా పోస్టర్లలో వేసేవారని తెలిస్తే ఇంకో అర్థం కూడా వస్తుంది.

ముక్కుసూటి:
అంటే పక్కన వీడియో లేకపోతే కంకరే కదా! ఇదే నా గొడవ. చీటీ చదివితే గానీ పలకని బొమ్మ ఏం బొమ్మ?

ఎడిసన్‌లో_ఆవకాయ:
@ముక్కుసూటి అన్నా, చీటీ అక్కర్లేనిది ఒకటి చెప్తా. సాంగ్ డాంగ్ అనే కళాకారుడిది, న్యూయార్క్ మోమా మ్యూజియం, 2009. వాళ్లమ్మ జీవితమంతా పారేయకుండా దాచిన పదివేలకు పైగా వస్తువులు, అరిగిన సబ్బుముక్కలు, పిండేసిన టూత్‌పేస్టు ట్యూబులు, సీసా మూతలు, మడత పెట్టిన ప్లాస్టిక్ సంచులు, చెప్పులు, నేల మీద వరసలు వరసలుగా, మధ్యలో వాళ్ల ఇంటి చెక్క చట్రం. అచ్చం మా అమ్మమ్మ అటక దించి పరిచినట్టుంది. 2002లో తండ్రి పోయాక తల్లి దుఃఖంలో మునిగిపోయి ఏదీ బయట పడేయనివ్వకపోతే, వీటినే సర్దుదాం రమ్మని కొడుకు పనిలో పెట్టాడు. 2005లో బీజింగ్‌లో తొలిసారి పెట్టినప్పుడు ఆవిడే సర్దింది. పైన నియాన్ అక్షరాలు, నాన్నా దిగులు పడకు, అమ్మ, మేము అందరం బాగున్నాం అని. మోమాకి వచ్చేసరికి ఆవిడ కూడా లేదు. నా పక్కన నిలబడ్డవాళ్లెవరూ చైనా వాళ్లు కాదు, అందరూ వాళ్లవాళ్ల ఇళ్ల గురించే మాట్లాడుకుంటున్నారు.

ఇనుపఊచ:
నేను సివిల్ ఇంజనీర్ని, నాకు నచ్చినవి షు బింగ్ అనే కళాకారుడు చేసిన ఫీనిక్స్ (పురాణాల్లోని పక్షి) బొమ్మలు. మన్‌హట్టన్‌లో సెయింట్ జాన్ ది డివైన్ చర్చిలో పైకప్పు నుంచి వేలాడదీశారు, 2014లో చూశా. బీజింగ్‌లో కట్టే జంట టవర్ల కోసం మొదలుపెడితే, అక్కడి కూలీల బతుకు చూసి ఆ సైటు చెత్తతోనే చేశాడు. పారలు, హెల్మెట్లు, ఊచలు, పైపులు. కింద నిలబడి ఏ భాగం ఏ పనిముట్టో వెతుక్కుంటూ మెడ పట్టేసింది. బిల్డరుకి నచ్చలేదట, నచ్చుతుందా మరి!

ముక్కుసూటి:
అటక, పక్షులు ఒప్పుకున్నా. గింజలు మాత్రం కాదు. అన్ని గింజలూ తర్వాత ఏమయ్యాయి?

టీకప్పు_లండన్:
2012లో టేట్ ఓ 80 లక్షలు కొనుక్కుంది, పది టన్నులు. అంతకుముందు 2011లో సోథెబీస్ అనే సంస్థ వేలంలో వంద కిలోలు 3,49,250 పౌండ్లకి పోయాయి.

ముక్కుసూటి:
లక్ష గింజలనుకుంటే గింజకి మూడున్నర పౌండ్లు. రంగు వేసినావిడకి అందులో ఎంత ముట్టిందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.