తొలి సంఘానికి ఒకే పద్ధతి ఉండేదా? పాత రాతలు ఏమంటున్నాయి?

కాలువగట్టు:
మా ఊరి సంఘంలో నెల రోజులుగా ఒకటే వాదన. డెబ్బై ఎనిమిదేళ్ల అవ్వ ఒకామె బాప్తిస్మం తీసుకుంటానంది. మోకాళ్ల నొప్పులతో రేవు మెట్లు దిగలేదు. పైగా ఎండాకాలం, కాలువకు నీళ్లు ఆపేశారు. ఇంట్లోనే కుర్చీలో కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోద్దామని కొందరం అన్నాం. పెద్దలు ఒప్పుకోలేదు. తొలి సంఘంలో అందరినీ ఒకే తీరుగా ముంచారు, దాన్ని మార్చడానికి మనమెవరం అంటున్నారు. అవ్వ మాత్రం రోజూ అడుగుతోంది. నిజంగా తొలి సంఘాలన్నిటికీ ఒకే పద్ధతి ఉండేదా? చదివినవాళ్లు చెప్పండి.

పాతప్రతి:
అన్నా, మీ అవ్వ సంగతి దాదాపు అలాగే రాసి ఉన్న పుస్తకం ఒకటుంది. దిదాకే అంటారు, గ్రీకులో 'బోధ' అని అర్థం. పదహారు చిన్న అధ్యాయాలు. 1056లో నకలు రాసిన ప్రతి ఒకటి ఇస్తాంబుల్‌లోని ఒక మఠం గ్రంథాలయంలో ఉంటే, 1873లో బ్రయెన్నియోస్ అనే బిషప్ గుర్తించి, 1883లో అచ్చు వేయించారు. మొదటి శతాబ్దం చివర, లేదా రెండో శతాబ్దం మొదట్లో కూర్చిందని ఎక్కువమంది పండితుల అంచనా.

ఏడో అధ్యాయం చూడండి. బాప్తిస్మం పారే నీళ్లలో ఇవ్వండి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో ఇవ్వండి. చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు. రెండూ లేకపోతే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామమున తల మీద మూడుసార్లు నీళ్లు పోయండి. ఎవరో పెద్దాయన ఇలాంటి ఇబ్బందులన్నీ కళ్లారా చూసి రాసినట్టు లేదూ?

వాక్యమేచాలు:
బ్రదర్, గౌరవంతోనే అడుగుతున్నాను. దిదాకే బైబిల్లో లేదు కదా. పెద్దలు దాన్ని పరిశుద్ధ గ్రంథంలో చేర్చలేదంటే కారణం ఉండే ఉంటుంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో అందరూ ఏకంగా ఉన్నారని, ఆస్తులన్నీ ఉమ్మడిగా పెట్టుకున్నారని స్పష్టంగా ఉంది. పక్కనున్న పుస్తకాలు తెచ్చి దాన్ని ముక్కలు చేయడం నాకు బాధగా ఉంది.

పాతప్రతి:
మీ బాధ అర్థమైంది. అయితే బైబిల్లోనే ఉండి మాట్లాడుకుందాం. రెండో అధ్యాయం నుంచి ఆరుకు రండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని యెరూషలేములోనే సణుగుడు మొదలైంది. కొరింథులో ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఒకరు ఆకలితో ఉంటే ఇంకొకరు తాగి మత్తులో ఉన్నారని పౌలు కోప్పడ్డాడు. ఉన్నవాళ్లు ముందే తినేవారు, లేనివాళ్లకు మిగిలేది కాదు.

ఈ రాతల్ని చదివేటప్పుడు నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఎవరైనా ఒక పని వద్దని గట్టిగా రాశారంటే, ఆ పని అక్కడ జరుగుతూ ఉండాలి. ఊరూరా తిరిగే అపొస్తలుడు రెండు రోజులకు మించి ఉంటే అబద్ధ ప్రవక్త, వెళ్లేటప్పుడు రొట్టె తప్ప డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త అంటుంది దిదాకే. ఎంతమంది మూడో రోజు కూడా కదలకపోతే ఆ మాట రాయాల్సి వచ్చిందో ఊహించండి. మా ఇంట్లోనూ ఒక ప్రసంగీకుడు తొమ్మిది రోజులు ఉండి, మా అమ్మ దాచుకున్న చీటీ డబ్బులు కానుకగా అడిగి తీసుకెళ్లాడు. ఆ అధ్యాయం మొదటిసారి చదివినప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి.

ఫీబేకూతురు:
అన్నయ్యా, ఆ లెక్క అన్నిచోట్లా పనికిరాదు. ముందుజాగ్రత్తగా కూడా నియమాలు రాస్తారు కదా. నాకైతే బయటివాళ్ల సాక్ష్యం ఇంకా బలంగా అనిపిస్తుంది. సుమారు 112లో బితూనియ (ఇప్పటి టర్కీలో ఉన్న రోమా రాష్ట్రం) గవర్నరు ప్లినీ, రోమా చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారని, దొంగతనం, వ్యభిచారం చేయబోమని ఒట్టు పెట్టుకుంటారని, తర్వాత మళ్లీ కలిసి మామూలు భోజనం చేస్తారని రాశాడు. నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింసపెట్టాడు. వాళ్లను సంఘంలో 'పరిచారకురాళ్లు' అనేవారట.

ఆ ఇద్దరి పేర్లు ఆయన రాయలేదు. నా మనసు అక్కడే ఆగిపోతుంది. మన తెలుగు బైబిల్లో రోమా పదహారో అధ్యాయంలో ఫీబేని కూడా సంఘ పరిచారకురాలనే అన్నారు. ఇంటి యజమాని దృష్టిలో బానిస, సంఘంలో పరిచారకురాలు. ఇదే ఏర్పాటు అన్ని ఊళ్లలో ఉండేదని నేను అనను. బితూనియలో మాత్రం ఉంది.

వాక్యమేచాలు:
చెల్లెమ్మా, ఈ ఉత్తరం సంగతి నాకు తెలియదు. ఆరో అధ్యాయం గురించి కూడా నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. అయినా ఒక్క మాట. ప్లినీ చూసినా, పౌలు రాసినా మధ్యలో ఉన్నది క్రీస్తే. పద్ధతులు వేరైనా విశ్వాసం ఒకటే అని మీరూ ఒప్పుకోవాలి. ఇంకొకటి, ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తే సంఘం నిలవదు. అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రెండో శతాబ్దం మొదట్లోనే, బిషప్ లేకుండా బాప్తిస్మం ఇవ్వడం తగదని స్ముర్న సంఘానికి రాశాడు.

పాతప్రతి:
ఇగ్నేషియస్‌ను మీరు తేవడం మంచిదైంది. దిదాకే ఏమో బిషప్పుల్ని, పరిచారకుల్ని మీరే ఎన్నుకోండి అంటుంది. కాలం ఇంచుమించు ఒకటే అయినా తీరు వేరు. విశ్వాసం ఒకటే అన్న మాట దగ్గర మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను, కొలొస్సయులకు రాసిన పత్రికలో, యోహాను పత్రికల్లో విశ్వాసం గురించిన గొడవలూ ఉన్నాయి. అది ఇంకోసారి చర్చిద్దాం.

కాలువగట్టు:
అందరికీ వందనాలు. దిదాకే ఏడో అధ్యాయం పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసుకున్నాను. బైబిల్లో లేదని పెద్దలు అంటారని తెలుసు, అందుకే పక్కనే అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం విధవరాండ్ర సంగతి కూడా రాశాను. ఆదివారం ఆరాధన అయ్యాక చదివి వినిపిస్తాను. అవ్వను కుర్చీలో తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెడతాం.