సమస్యాపూరణం: నీరు పోసినంత నారు సచ్చె

సమస్యాపూరణంలో చివరి పాదం నేనిస్తాను, అది అతికేలా ముందరి మూడు పాదాలూ మీరు రాయాలి. ఈ వారం సమస్య ఆటవెలది అనే ఛందస్సులో చివరి పాదం:

నీరు పోసినంత నారు సచ్చె

నీళ్ళు పోస్తే బతకాల్సిన నారు చచ్చిపోవడమేమిటన్నదే చిక్కు. వడగాడ్పుల రోజులు కదా, పెరటి మడి దగ్గరో, ఇంట్లో ఏదైనా బాగుచేస్తూనో మీకు ఎదురైనదాన్నే పద్యంలో పెట్టమని అడిగాను. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తే యతి. దాని బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిస్తే ప్రాసయతి. ‘నీరు, నారు’ల మధ్య ‘రు’తో ఆ ప్రాసయతి ఉంది. కాబట్టి ఈ పాదంలో యతి గురించి బెంగ అక్కర్లేదు.

పూరణలకంటే ముందే ఒక ప్రశ్న వచ్చింది: “‘సచ్చె’ మోటుగా లేదా? ‘చచ్చె’ అనకూడదా?” అనవచ్చు. ఇది మోటుతనం కాదు, వ్యాకరణమే. ప్రథమా విభక్తి మీద వచ్చే క చ ట త ప లు గ స డ ద వ లుగా మారతాయి. ‘వాడు వచ్చె’కు మార్పు లేదు కానీ ‘వాడు చచ్చె’ అన్నది ‘వాడు సచ్చె’ అవుతుంది. ఇది బహుళం, అంటే తప్పనిసరి కాదు, కాబట్టి రెండు రూపాలూ చెల్లుతాయి.

మొదటి పూరణ

ఎండలోన పైపు మండుచుండిన వేళ
వాడు మొక్క జూచి వడిగ నేను
చల్లబడు నటంచు సలసల కాగిన
నీరు పోసినంత నారు సచ్చె.

పద్యం ఎక్కడా తడబడలేదు. విషయం కూడా అక్షరాలా నిజం. ఎండలో చుట్టగా పడి ఉన్న నల్ల పైపులో మొదట వచ్చే నీళ్ళు చేతికే తట్టుకోలేనంత వేడిగా ఉంటాయి, లేత వేళ్ళ సంగతి చెప్పాలా? ఆ నీళ్ళను ముందు బకెట్లోకి వదిలి, చేతికి చల్లగా తగిలాకే మడికి తిప్పాలి. ‘సలసల కాగిన’ అతిశయోక్తే, పద్యంలో ఆ మాత్రం ఉండొచ్చు.

నాకు అడ్డం తగిలింది ‘వాడు మొక్క’ ఒక్కటే. చదవగానే ‘వాడిపోతున్న’ అని కాక ‘అతడు’ అనిపించి ఆగాల్సి వస్తోంది. ‘వడలు మొక్క జూచి వడిగ నేను’ అంటే హగణం (గురువు, లఘువు) బదులు నగణం (మూడు లఘువులు) వస్తుంది, యతి చెడదు, అర్థం తేటపడుతుంది.

“అవునండీ, రాసేటప్పుడు నాకు తట్టలేదు. మార్చుకుంటాను” అన్నారు రాసినామె.

రెండవ పూరణ

టైమరొకటి చేసి ధీమాగ నుంటిని
పూటపూట కదియె పోయు ననుచు
ఆగనన్న మోటరారేడు గంటలు
నీరు పోసినంత నారు సచ్చె.

ఇది నాకు చాలా నచ్చింది. ‘టైమ’కు ‘ధీమా’ ప్రాసయతి. మూడో పాదంలో ‘మోటరు + ఆరేడు’ సంధిలో దాగిన ‘ఆ’తో ‘ఆగనన్న’కు యతి కుదిరింది. పైకి ‘రా’ అని కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్ళు యతిభంగం అనుకుంటారు. సంధి విడదీస్తే అచ్చుకు అచ్చే దొరుకుతుంది.

“మోటరు, టైమరు పద్యంలో రావచ్చా?” అని ఇంకొకరు. ఎందుకు రాకూడదు? చివర ఉకారం చేరి తెలుగు మాటల్లాగే సంధి చేసుకుంటున్నాయి కదా. రిలే (టైమరు చెప్పినప్పుడు మోటరును ఆపే స్విచ్చు) అతుక్కుపోయి మోటరు ఆగకపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఇంట్లో ఇలాంటివి తయారుచేసుకునే వాళ్ళందరికీ తెలుసు. ఎప్పుడూ ఒక మనిషి చూస్తుండాలి, లేదా తొట్టిలో కొన్ని నీళ్ళే పెట్టి మోటరుకు వదలాలి. అప్పుడు అది ఆగకపోయినా మడి మునగదు.

అసలీ సమస్య నాకు తట్టింది కూడా ఇలాంటి చోటే. మధ్యాహ్నం టమాటా నారు తలలు వాల్చేసేది. దాహమేమో అని అప్పుడే పోసేదాన్ని, సాయంత్రం మళ్ళీ పోసేదాన్ని. అయిదో రోజు పొద్దున చూస్తే మట్టికి ఆనుకున్న చోట ప్రతి కాడా గోటితో నొక్కినట్టు సన్నబడి, నీరుకారి, పక్కకి ఒరిగిపోయి ఉంది. పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. అది నారుకుళ్ళు, తడి మట్టిలో పిథియం లాంటి సూక్ష్మజీవులు చేసే పని. మిట్టమధ్యాహ్నం ఆకులు ఆవిరిగా వదిలినంత వేగంగా వేళ్ళు తోడలేవు, అందుకే వాలతాయి. సాయంత్రానికి లేస్తే నీళ్ళు అక్కర్లేదన్నమాట. రెండంగుళాల లోతుకు వేలు పెట్టి పొడిగా తగిలితేనే పోయాలి, అదీ తెల్లవారుజామునే. ఆ వేలు ఒక్కటి పెట్టి ఉంటే నా నారు బతికేది.

మూడవ పూరణ

ఆకుమీది చుక్క లద్దాలుగా మారి
సూర్యకిరణములను చొనిపి కాల్చె
మిట్టయెండ వేళ చెట్టంత తడియంగ
నీరు పోసినంత నారు సచ్చె.

‘సూ’కు ‘చొ’ యతి చక్కగా ఉంది. ఊహ కూడా అందంగా ఉంది, కానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. నున్నటి ఆకు మీద నీటిచుక్క అలా కాల్చలేదని 2010లో న్యూ ఫైటాలజిస్ట్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. చుక్క ఆకుకు అతుక్కుని ఉంటే కిరణాలు కలిసే చోటు ఆకు కిందికి పోతుంది. నూగు మీద ఎత్తుగా నిలిచిన చుక్కకే ఆ అవకాశం. పైగా నారును ‘చెట్టంత’ అనడం అతకలేదు. ప్రాస కోసం వచ్చిన మాట అని తెలిసిపోతోంది.

నాల్గవ పూరణ

ఈ తమ్ముడికి ఇదే మొదటి పద్యం. మొదటి పాదం ఇలా పంపాడు: ‘మిషను విడిచిన నీరు మిగులు గదా యని’. ‘మిషను, విడిచి’ రెండూ నగణాలే, బాగున్నాయి. తర్వాత ‘ననీ’ దగ్గర లఘువు మీద గురువు వచ్చింది, అది అక్కడ ఉండాల్సిన సూర్యగణం (హగణం గానీ నగణం గానీ) కాదు. కొంచెం సరిచేస్తే ఇలా ఉంటుంది:

మిషను విడిచినట్టి మిగులు నీరే గదా
వ్యర్థ మేల యనుచు వాడుకొనగ
ఉప్పు తేరి మట్టి గప్పుకొన్నది చూడ
నీరు పోసినంత నారు సచ్చె.

రెండు, మూడు పాదాలు అతనివే, ఒక్క అక్షరం మార్చలేదు. ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీళ్ళలో లవణాలు ఎక్కువ, రోజూ పోస్తే మట్టి మీద తెల్లగా తేలతాయి. నీళ్ళు పారబోయలేని మనసు నాకు అర్థమవుతుంది తమ్ముడూ, అవి ఇల్లు తుడవడానికి ఉంచు. ఏసీ నుంచి కారే నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, అవి మొక్కలకు పోయొచ్చు.

ఐదవ పూరణ

మొక్క కేమి వలయు మొట్టమొదట జెప్పు?
కుండ యెంత నిండు నెండలోన?
మరచి వారమేగ మడిలోన నేమాయె?
నీరు, పోసినంత, నారు సచ్చె.

క్రమాలంకారం! మూడు ప్రశ్నలకు మూడు జవాబులుగా సమస్యను విరిచేశారు. నీళ్ళు పోయడం వల్ల నారు చచ్చిందన్న గొడవే లేకుండా పోయింది. పాదం ఇలా మూడు ముక్కలుగా విరుగుతుందని ఇచ్చిన నాకే తెలియదు. ఈ వారం నా ఓటు దీనికే.

“కుండ ఊరికే రాలేదండీ” అని వారే తర్వాత రాశారు. “మెరుగు పూయని మట్టికుండను మెడదాకా మడిలో పాతాను. మూత పెట్టి నింపుతున్నాను. చుట్టూ మట్టి ఎండిన కొద్దీ కుండ చెమర్చి తడి ఇస్తోంది. వారం మరిచిపోయింది కుండ లేని మడిని.”

వచ్చే వారానికి పాదం, మళ్ళీ ఆటవెలదే. ఫ్రిజ్జు, కూలరు విప్పి చూసినవాళ్ళు తప్పకుండా రాయాలి:

మండుటెండలోన మంచు కురిసె