రేసు కోర్సు కౌంటరులో పందెం డబ్బు తీసుకునే ఉద్యోగానికి సరైన హోదా ఏది?

చీపురుపల్లి నుంచి ప్రశ్న:
మా మేనల్లుడు కలకత్తాలో రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ మైదానంలో, పందెం కాసేవారి నుంచి డబ్బు తీసుకుని టికెట్టు ఇచ్చే కౌంటరులో పని చేస్తున్నాడు. ఆమదాలవలస వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మధ్యవర్తి వివరాల కాగితంలో ఉద్యోగం దగ్గర ‘బుకీ’ అని రాసేశాడు. అది చూసిన పిల్ల తండ్రి, క్రికెట్ పందేలు నడిపేవాడికి పిల్లను ఎలా ఇస్తామని కబురు పెట్టారు. కుర్రవాడు జీతానికి పని చేసేవాడే తప్ప పందేలు నడిపేవాడు కాడు. ఈ ఉద్యోగాన్ని ఏమని రాయడం సబబో తెలిసినవారు చెప్పగలరు.

టెక్కలి నుంచి జవాబు:
అయ్యా, నేను ఉద్యోగరీత్యా చాలాకాలం కలకత్తాలో ఉన్నాను కనుక ఆ కౌంటర్లు బాగా చూశాను. మైదానంలో పందెం తీసుకునేవారు రెండు రకాలు. బుకీ అంటే క్లబ్బు అనుమతితో సొంత డబ్బు పెట్టి, తానే ధర (గెలిస్తే రూపాయికి ఎంత ఇస్తాడో) పలికి, గెలిచినవాడికి తన పెట్టెలోంచి చెల్లించే వ్యాపారి. ఆ రోజు ఫేవరెట్ గుర్రాలన్నీ, అంటే ఎక్కువమంది కాసినవన్నీ, గెలిస్తే అతని కొంప మునిగినట్టే. మీ మేనల్లుడిది టోట్ కౌంటరు. అక్కడ అందరి పందేలూ ఒక మొత్తంగా పోగవుతాయి. అందులోంచి పన్నూ కమీషనూ తీసివేసి మిగిలినది గెలిచిన టికెట్లకు పంచుతారు. ఏ గుర్రం గెలిచినా, ఏది ఓడినా కౌంటరులో కూర్చున్నవాడికి వచ్చేదీ పోయేదీ లేదు. ఎదుటివాడు ‘మూడో రేసు, ఐదో నంబరు, విన్, రెండు వందలు’ అంటాడు. ఇతను మీటలు నొక్కి, టికెట్టు చింపి, చిల్లరతో సహా చేతిలో పెడతాడు. సాయంత్రం పెట్టెలోని డబ్బూ యంత్రం చూపే లెక్కా సరిపోవాలి. కాబట్టి ‘టోట్ కౌంటర్ క్లర్క్’ అని రాయించండి. బుకీ అన్న మాటను మాత్రం వెంటనే కొట్టివేయించండి.

బొబ్బిలి నుంచి జవాబు:
టెక్కలి వారు చెప్పినదే సరి. అమెరికా రేసు కోర్సుల్లో ఇదే పని చేసేవారిని మ్యూచువెల్ క్లర్క్ అంటారు. పందేలను ఒక మొత్తంగా పోగుచేసి పంచే ఈ పద్ధతిని పారిస్‌లో 1860లలో జోసెఫ్ ఓలేర్ మొదలుపెట్టాడు. లెక్కను తనంతట తానే కట్టే యంత్రాన్ని జార్జ్ జూలియస్ రూపొందించగా, 1913లో న్యూజిలాండ్‌లోని ఎల్లర్స్‌లీ మైదానంలో తొలిసారి పెట్టారు. బుకీల వైపు చూస్తే హోదాలు ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియాలో బుకీ పక్కన నిలబడి పద్దు రాసేవాడు పెన్సిలర్, డబ్బు సంచి పట్టుకునేవాడు బ్యాగ్‌మన్. బ్రిటన్‌లో తెల్ల చేతితొడుగులు వేసుకుని, చేతి సైగలతో ధరలను మైదానం ఆ చివరికి చేరవేసేవారిని టిక్-టాక్ మనుషులు అనేవారు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ విద్య దాదాపు అంతరించింది.

ఇంకొక సంగతి పిల్ల తండ్రిగారికి పనికిరావచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 వృత్తుల పట్టికలో బ్యాంకు కౌంటరు ఉద్యోగుల సంఖ్య 4211 కాగా, పందేలు తీసుకునేవారిది దాని వెంటనే 4212; రెండూ డబ్బు పుచ్చుకునే గుమాస్తాల వర్గంలోనివే. అయితే ఆ 4212లో కేసినోలో పేకముక్కలు పంచేవారిని కూడా చేర్చారు కనుక, ఆ మాట పెళ్లిచూపుల్లో ఎత్తకపోవడమే మేలు.

రాజాం నుంచి జవాబు:
నేను న్యాయవాదిని. గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో, మద్రాసు రేసు క్లబ్బుకు సంబంధించిన కేసులో తీర్పు ఇచ్చింది. దొంగచాటుగా సాగే క్రికెట్ పందేలతో దీనికి పోలిక లేదు. పిల్ల తండ్రిగారు అసలు అడగవలసినది హోదా గురించి కాదనీ, కుర్రవాడు నెల జీతంపై ఉన్నాడా, రేసు రోజుల్లో మాత్రమే పిలిపించే తాత్కాలిక సిబ్బందిలో ఉన్నాడా అన్నదనీ నా అభిప్రాయం. రేసు క్లబ్బులకు ఈఎస్ఐ చట్టం వర్తిస్తుందని 2014లోనూ, రేసు రోజుల్లో పెట్టుకునే తాత్కాలిక పనివారికి కూడా అది వర్తిస్తుందని 2016లోనూ సుప్రీంకోర్టే చెప్పింది. మరోవైపు, 2025 సెప్టెంబరు 22 నుంచి పందెపు పూర్తి మొత్తంపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. కౌంటరు ముందు వరుస పలచబడితే ముందుగా దెబ్బ తగిలేది తాత్కాలిక సిబ్బందికే.

చీపురుపల్లి నుంచి:
అందరికీ ధన్యవాదాలు. కుర్రవాడిని ఫోనులో అడిగాను. నియామక పత్రం ఉందట, నెల జీతమేనట, ఈఎస్ఐ కార్డు కూడా ఉందట. రేసు కోర్సు మాట దాచకుండా, ‘టోట్ కౌంటర్ క్లర్క్, రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్, కలకత్తా’ అని కొత్త కాగితం రాయించి, నియామక పత్రం నకలు జతచేసి ఆమదాలవలస పంపిస్తున్నాము.