«తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు»: గుడ్డి విధేయతకు ఈ సామెత అతుకుతుందా?

పద్మజ:
ఒక వ్యాసంలో ఈ వాక్యం ఉంది: «నాయకుడు ఏం చేసినా వెనకేసుకొచ్చే అనుచరులది తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే ధోరణి.» మొండివాణ్ని ఈ సామెతతో అనడం విన్నాం. విధేయుణ్ని అనవచ్చా?

సుధాకర్:
సగమే అతుకుతుంది. సామెత బలమంతా రెండు చోట్ల ఉంది: «తా పట్టిన» అనడంలో, «మూడే»లోని ఏకారంలో. మూడు కాళ్లనడం లెక్క తప్పు, ఎవరైనా చూపిస్తే దిద్దుకోవచ్చు. మూడే అన్నాక అది లెక్క కాదు, పంతం.

మనస్తత్వవేత్తలు అరీ క్రుగ్లాన్‌స్కీ, డోనా వెబ్‌స్టర్ 1996లో మనసు మూసుకుపోయే తీరును ఈ రెండు అంచెల్లోనే వివరించారు. ముందు చేతికందిన జవాబును గబుక్కున పట్టుకోవడం, ఆ తర్వాత దాన్ని బిగించేసి కొత్త సమాచారాన్ని దగ్గరకు రానివ్వకపోవడం. ఏదో ఒకటి తేలిపోవాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది, కొందరికి మరీ ఎక్కువ. తొందర, అలసట, చుట్టూ రొద ఉంటే ఎవరికైనా పెరుగుతుంది. తన నిర్ణయానికి తానే సంజాయిషీ చెప్పుకోవాలని ముందే తెలిస్తే తగ్గుతుంది. ఒకే శత్రువు, ఒకే పరిష్కారం అనే ప్రసంగాలు గడ్డురోజుల్లో అంత తేలిగ్గా తలకెక్కడానికి ఇదొక కారణం.

ఒక జాగ్రత్త. తీవ్రమైన అభిప్రాయం ఉన్నంత మాత్రాన మనసు మూసుకుపోయినట్టు కాదు. బానిసత్వాన్ని పూర్తిగా, వెంటనే రద్దు చేయాలన్నవాళ్లనూ వాళ్ల కాలంలో అతివాదులనే అన్నారు. అభిప్రాయం ఎంత దూరాన ఉందని కాదు, ఆధారం ఎదురైతే కదులుతుందా లేదా అని చూడాలి.

నసీమా:
అతకని సగం «తా పట్టిన» దగ్గరే ఉంది. విధేయుడి చేతిలో అసలు కుందేలే లేదు, పట్టింది నాయకుడు. నాయకుడు నిన్న మూడన్నాడు కాబట్టి మూడే. రేపు అయిదంటే అయిదే, నిన్న కూడా అయిదే అన్నామంటాడు. మొండివాడు మాట మార్చడు. విధేయుడు ఎన్నిసార్లయినా మారుస్తాడు, మార్చానని మాత్రం ఒప్పుకోడు. ఈ రెండు మనస్తత్వాలనూ ఒకే సామెతలో కుక్కితే వ్యాసం గురి తప్పుతుంది.

గుంపు లెక్క మార్చడం మనస్తత్వవేత్త సొలొమన్ ఆష్ 1950ల ప్రయోగాల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మూడు గీతల్లో ఏది నమూనా గీతంత పొడవుందో చెప్పాలి. ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పరు. గదిలో మిగతావాళ్లంతా, ముందే మాట్లాడుకుని, ఒకే తప్పు జవాబు చెబితే మాత్రం సుమారు మూడో వంతు జవాబులు గుంపు వైపు ఒరిగాయి. ఒక్కరు నిజం చెప్పినా ఆ ఒరుగుదల అంతకుముందున్న దాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది. వ్యక్తిపూజ నడిచే చోట మొదట బయటికి పంపేది ఆ ఒక్కరినే. ఇది యాదృచ్ఛికం కాదు.

భాష పాత్రను మనోవైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ 1961లో పట్టుకున్నాడు. కమ్యూనిస్టు చైనాలో «ఆలోచనా సంస్కరణ» పేరిట బలవంతంగా మనసు మార్చే కార్యక్రమానికి గురైనవాళ్లను పలకరించి, ఆలోచనను అక్కడికక్కడ ఆపేసే పడికట్టు మాటల్ని ప్రధాన లక్షణాల్లో ఒకటిగా చెప్పాడు. «ఇదంతా కుట్ర», «పెద్దాయనకు అన్నీ తెలుసు», «ముందు మీవాళ్ల సంగతి చూసుకో» లాంటివి. వీటిని «నోరుమూత మాటలు» అందామా?

రామకృష్ణ:
«నోరుమూత» బాగుంది. అయితే ఇంత తర్కమెందుకు? కుందేటి కొమ్మైనా సాధించవచ్చు గానీ మూర్ఖుణ్ని మెప్పించలేమని భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి చెప్పనే చెప్పాడు కదా!

సుధాకర్:
రామకృష్ణ గారూ, ఆ కుందేలు వేరు, ఈ కుందేలు వేరు. వీళ్లు మూర్ఖులనుకోవడమే పెద్ద పొరపాటు. డాన్ కహాన్ బృందం 2013లో అమెరికాలో ఒకే అంకెల పట్టికను కొందరికి చర్మపు లేపనం ఫలితమని, కొందరికి తుపాకుల నియంత్రణ ఫలితమని ఇచ్చింది. లేపనం దగ్గర లెక్కలొచ్చినవాళ్లు మెరుగ్గా తేల్చారు. తుపాకుల దగ్గర వాళ్లే తమ పక్షం వైపు ఎక్కువగా చీలిపోయారు. తెలివితేటలుంటే పట్టు సడలుతుందనే భరోసా లేదు, ఆ తెలివి పట్టును కాపాడే పనిలోకి దిగవచ్చు.

పద్మజ:
మరి ఒక అనుచరుడిలో పరిణతి ఉందని ఎలా గుర్తుపట్టాలి? అది లేనివాళ్లతో మాట్లాడేదెలా?

నసీమా:
ఒక ప్రశ్న చాలావరకు తేలుస్తుంది: «మీ నాయకుడి నిర్ణయాల్లో మీకు తప్పనిపించినదేది? అది మీవాళ్ల మధ్య పైకి అన్నారా?» ఇక్కడ మోసపోయే చోటొకటి ఉంది. «ఆయనది మరీ మెత్తని మనసు, శత్రువుల్ని క్షమించేస్తాడు» అంటే అది తప్పు ఎంచడం కాదు, పొగడ్తే. పార్టీలో ఉంటూనే «ఈ విషయంలో మనం తప్పు» అనగలిగితే పరిణతి ఉన్నట్టే, పార్టీ మారనక్కర్లేదు.

మాట్లాడాలంటే తోటివాళ్లు లేని చోట, ఒక్కరితోనే. పదిమందిలో అడిగితే జవాబు మీకు కాదు, ఆ పదిమందికి చెబుతారు. «ఎందుకు సమర్థిస్తున్నారు» అనొద్దు, కంఠస్థం చేసిన కారణాలు వరసగా వస్తాయి. «ఈ పథకం మొదటి అడుగు నుంచి ఎలా పనిచేస్తుందో చెప్పండి» అనండి. ఫిలిప్ ఫెర్న్‌బాక్ బృందం 2013లో ఈ తేడానే పరీక్షించింది. వివరించబోయినవాళ్లు తమకు తెలిసింది తక్కువేనని గుర్తించారు, అభిప్రాయమూ కొంత మెత్తబడింది. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ మెత్తబడటం అన్నిసార్లూ కనిపించలేదు కాబట్టి ఒక్క సంభాషణతో మనిషి మారతాడని ఆశపడొద్దు. ఎగతాళి చేశారో, బయట ఉన్న ఒక్క తోడూ పోయినట్టే. ఆ తర్వాత వాళ్లకు గుంపు తప్ప దిక్కుండదు.

సుధాకర్:
ఆ వాక్యాన్ని ఇలా మారిస్తే సరి: «నాయకుడు పట్టిన కుందేటికి ఆయన ఎన్ని కాళ్లంటే అన్నే అనే అనుచరులు.» సామెత చెడదు, తేడా తెలుస్తుంది.