టెన్షన్ వల్ల మెదడు కణాల్లో శక్తి నిజంగా తగ్గుతుందా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, అప్పటినుంచి మంచం మీదే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి ఎత్తడం, కూర్చోబెట్టడం అంతా నేనే. వీపుకు పుండ్లు పడకుండా రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, పొద్దున్నే వంట చేసి ఆఫీసుకు పరిగెత్తాలి. అకౌంట్స్ చూస్తాను. ఈమధ్య ఒకే వోచరు రెండుసార్లు ఎంటర్ చేస్తున్నాను. మందుల డబ్బా మూత పెట్టిన మరుక్షణమే నాన్నకు బీపీ మాత్ర వేశానో లేదో గుర్తుండదు, మళ్లీ తెరిచి షీటులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటాను. అదే ఆఫీసులో ఉండగా ఇంటినుంచి ఫోన్ వస్తే చాలు, గుండె ఝల్లుమంటుంది. దేనికీ ఓపిక లేని బుర్రకు భయపడటానికి మాత్రం ఓపిక ఎక్కడినుంచి వస్తోందో.

చుట్టాలేమో అంతా నీ మనసులోనే ఉంది, ధైర్యం తెచ్చుకో అంటారు. ఫోన్లో ఒక ప్రకటన వస్తోంది, మీ మెదడు కణాల బ్యాటరీ డౌన్ అయిపోయింది, ఈ మైటోకాండ్రియా పౌడర్ తాగండి అని. వీటిలో ఏది నిజం? టెన్షన్ వల్ల కణంలో శక్తి తగ్గడం అనేది ఉందా? తగ్గితే మళ్లీ వస్తుందా?

పాఠాలు చెప్పేవాణ్ణి:
మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతానండి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మెదడు మన బరువులో 2 శాతమే, కానీ ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. అందులో పెద్ద వాటా సోడియం పొటాషియం పంపులది. నరకణం ఒక్కసారి సంకేతం పంపితే సోడియం లోపలికి, పొటాషియం బయటికి వెళ్తాయి, వాటిని మళ్లీ వాటి చోటికి తోయాలంటే ఏటీపీ కావాలి, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు. ఆ ఏటీపీలో ఎక్కువ భాగం తయారయ్యేది మైటోకాండ్రియాలో, అంటే కణం లోపల శక్తిని తయారుచేసే చిన్న భాగాల్లో. బ్యాటరీ అనే పోలిక ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఏటీపీని మెదడు పెద్దగా దాచుకోదు, చేసింది చేసినట్టే వాడేస్తుంది. అందుకే రక్తం అందడం ఆగిపోతే కొద్ది సెకన్లలోనే స్పృహ పోతుంది. మీ నాన్నగారి విషయంలో జరిగింది కూడా, అది గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే, ఒక భాగానికి ఇలా రక్తం అందకపోవడమే.

ఇక టెన్షన్. కంగారు పుట్టగానే మెదడులోని హైపోథాలమస్ నుంచి దాని కిందున్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడినుంచి కిడ్నీల మీదున్న అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది, కార్టిసాల్ వస్తుంది, రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. కాసేపటి వరకు ఇది మంచిదే. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో బ్రూస్ మెక్‌యువెన్ 1968లోనే ఇలాంటి స్ట్రెస్ హార్మోను ఎలుకల మెదడులో, ముఖ్యంగా జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో, వెళ్లి అతుక్కుంటుందని చూపించారు. 2009లో ఆయన కూడా ఉన్న ఒక బృందం ఎలుకల నరకణాల మీద చేసిన పని మీ ప్రశ్నకు బాగా దగ్గరగా ఉంటుంది. కార్టిసాల్‌ను పట్టుకునే రిసెప్టర్లు ఏకంగా మైటోకాండ్రియా లోపలికే వెళ్తున్నాయి. హార్మోను కొద్దిసేపు ఉంటే మైటోకాండ్రియా పనితీరు మెరుగుపడింది, ఎక్కువ మోతాదులో రోజుల తరబడి ఉంటే రిసెప్టర్లు లోపలికి వెళ్లడమూ తగ్గింది, పనితీరూ పడిపోయింది. అంటే ఎప్పుడూ ఆగకుండా వచ్చే టెన్షనే అసలు సమస్య, ఒక గంట కంగారు కాదు.

మతిమరుపు, భయం రెండూ ఒకేసారి ఎందుకన్నారు కదా. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో చూపించిందిదే: రోజూ ఒత్తిడికి గురైన ఎలుకల్లో హిప్పోకాంపస్ కణాల కొమ్మలు కుదించుకుపోయాయి, భయాన్ని నడిపే అమిగ్డాలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఎలుకల్లో చూసింది మనిషికి అచ్చుగుద్దినట్టు వర్తిస్తుందని అనను, కానీ మీరు చెప్పిన లక్షణాలకు ఇది దగ్గరగానే ఉంది. కాబట్టి అంతా మనసులోనే ఉంది అనేవాళ్లను పట్టించుకోకండి.

కొత్తపేట కుర్రాడు:
సార్, ఎలుకలు సరే, మనుషుల మీద ఏమీ లేదా? బతికున్న మనిషి మెదడులోంచి కణం తీసి చూడలేరు కదా. నేను గ్రూప్స్‌కి చదువుతున్నాను, అక్క చెప్పినట్టే పేజీ తిప్పగానే వెనక పేజీ గుర్తుండట్లేదు.

పాఠాలు చెప్పేవాణ్ణి:
మంచి ప్రశ్న. మెదడు కణాన్ని తీయలేరు, అందుకే రక్తంలో తెల్లకణాలను చూస్తారు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన మార్టిన్ పికార్డ్ తదితరులు 2018లో ఆటిజం ఉన్న పిల్లలను చూసుకునే తల్లుల రక్తం పరీక్షించారు. గోదారిగట్టు గారూ, ఇది మీరు తప్పక తెలుసుకోవాలి. ఆ భారం లేని తల్లులతో పోలిస్తే వీళ్ల తెల్లకణాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం తక్కువగా ఉంది. ముందు రోజుల్లో రాత్రిపూట మనసు తేలిగ్గా ఉన్నవాళ్లలో మాత్రం అదే కొలత మెరుగ్గా వచ్చింది. తెల్లకణం మెదడు కణం కాదు, ఆ తేడా మరిచిపోకూడదు.

తమ్ముడూ, నీకు ఇంకోటి. న్యూయార్క్‌లో పెద్ద పరీక్షకు చదువుతున్న మెడికల్ స్టూడెంట్లను స్కాన్ చేశారు, 2009లో అచ్చయింది. నెలరోజుల ఒత్తిడి తర్వాత ఒక పని మీదినుంచి ఇంకో పని మీదికి దృష్టి మార్చడం కష్టమైంది, మెదడు ముందు భాగంలోని సంబంధాలూ బలహీనపడ్డాయి. పరీక్ష అయిపోయి నెల గడిచాక మళ్లీ చూస్తే ఆ తేడా కనిపించలేదు. వాళ్లు వయసులో ఉన్నవాళ్లు, ఆరోగ్యవంతులు, సరే. అయినా మళ్లీ వస్తుందా అన్నదానికి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

డాక్టరమ్మ:
పైవన్నీ బాగున్నాయి, కానీ టెన్షన్ అని పేరు పెట్టేసి రక్తపరీక్షలు వదిలేయొద్దమ్మా. సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, విటమిన్ డీ, హెచ్‌బీఏ1సీ (షుగర్), వీటితోపాటు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా అడిగి చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 దాటిందని ఊరుకుంటారు గానీ నెలసరి వచ్చే ఆడవాళ్లలో ఫెరిటిన్ అడుగంటి ఉండటం రోజూ చూస్తాం. మైటోకాండ్రియాలో ఏటీపీ తయారయ్యే వరసలో అడుగడుగునా ఇనుము ఉంటుంది, అది తగ్గితే రక్తహీనత రాకముందే నీరసం వస్తుంది.

పౌడర్ సంగతి సూటిగా చెబుతాను. అలాంటి డబ్బాల్లో తరచూ ఉండే కోఎంజైమ్ క్యూ10 మైటోకాండ్రియాలో నిజంగానే పనిచేసే పదార్థం. పుట్టుకతో అది తయారుకాని అరుదైన జబ్బుల్లో మేమే రాస్తాం. కానీ నిద్రలేక, విశ్రాంతి లేక అలిసిన బుర్రను అది బాగుచేస్తుందని రుజువు కాలేదు. ఆ డబ్బుతో వారానికి రెండు రాత్రులు అటెండరును పెట్టుకోండి. ఇది డాక్టరుగా ఇస్తున్న సలహా, ఊరికే అన్నమాట కాదు. రెండు గంటలకోసారి లేచే మనిషికి గాఢనిద్ర అందదు, గాఢనిద్రలో మామూలుగా కార్టిసాల్ తక్కువగా ఉంటుంది, ఆ విరామం మీకు దొరకడం లేదు.

ఏడుపొస్తున్నా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా తీస్తారు.

మంచం పక్కన:
అమ్మను ఇలాగే చూసుకున్నాను. ఆల్ఫా బెడ్ వేయించండి, మెడికల్ షాపుల్లో అద్దెకూ దొరుకుతుంది, దానిలో గాలి అటూ ఇటూ మారుతూ ఉంటుంది. తిప్పడం పూర్తిగా మానకూడదు గానీ ఎంతసేపటికోసారి తిప్పాలో ఫిజియో చూసి చెబుతారు, మాకు రాత్రి కొంచెం ఎడం దొరికింది. మాత్రలకు వారాల డబ్బా కొనండి, సోమవారం పొద్దున, రాత్రి అని గళ్లుంటాయి. గడి ఖాళీ అయితే వేసినట్టే. గుర్తుపెట్టుకోవాల్సినవి ఎన్ని తగ్గితే అంత హాయి. ఇంకో మాట, తోడబుట్టినవాళ్లు ఉంటే అడగండి, అడగకుండా ఎవరూ రారు.

గోదారిగట్టు:
అందరికీ చాలా చాలా థాంక్స్. ఆ తల్లుల గురించి చదివి కాసేపు ఏడ్చాను, నా ఒంట్లో నిజంగానే ఏదో జరుగుతోందని ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు. తమ్ముడు విశాఖలో ఉంటాడు, శని ఆదివారాల రాత్రులు నువ్వే చూడాలని ఇవాళే ఫోన్ చేసి చెప్పాను, సరేనన్నాడు. ఫెరిటిన్‌కు రేపు రక్తం ఇస్తాను. డాక్టర్ గారూ, ఇంట్లో అమ్మకు రాసిన ఐరన్ మాత్రలున్నాయి, ఈలోపు వేసుకోవచ్చా?

డాక్టరమ్మ:
వద్దు, ముందు రక్తం ఇవ్వండి, ఈలోపు మాత్ర వేసుకుంటే ఐరన్ పరీక్షలు సరిగ్గా తేలవు. తక్కువ అని తేలితే మీ డాక్టరు మోతాదు రాస్తారు, అప్పుడు టీ, కాఫీలకు కనీసం గంట ఎడంగా వేసుకోండి. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.