వానాకాలంలో మండువా ఇంట్లో ఒక రాత్రి: పెద్దావిడతో వెళ్లొచ్చా?

కోనసీమ కోడలు:
శ్రావణంలో మా అత్తయ్యగారిని అంతర్వేది దర్శనానికి తీసుకెళ్తున్నాం. ఆవిడ పుట్టింది రాజోలు దగ్గర ఓ మండువా లోగిలిలో, అదే, ఇంటి నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశం కనబడే పల్లం ఉండే పాతకాలపు ఇల్లు. పంపకాలయ్యాక ఆ ఇల్లు పడగొట్టేశారు. ఆవిడకిప్పుడు డెబ్బై నాలుగు, మోకాళ్ల నొప్పులు. ఒక్క రాత్రైనా అలాంటి ఇంట్లో పడుకోబెట్టాలని నా కోరిక. దిండి చుట్టుపక్కల పాత ఇళ్లు బసకి ఇస్తున్నారట. వానల్లో వెళ్లొచ్చా, సంక్రాంతి దాకా ఆగాలా?

నర్సాపురం వాసి:
సంక్రాంతికి వద్దండి. ఇంటివాళ్ల చుట్టాలకే చోటు చాలదు. మీరు నర్సాపురంలో రైలు దిగితే మాధవాయిపాలెం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగొచ్చు. వరదొస్తే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా రావాలి.

మలికిపురం మనవడు:
వానలోనే తీసుకురండమ్మా. నేను మండువా ఇంట్లోనే పెరిగాను. వాన మొదలవగానే మా నాయనమ్మ ఇత్తడి గంగాళం ఈడ్చుకొచ్చి మూలన, పైకప్పు నీళ్లు జారే రేకు దోనె కింద పెట్టేది. ఖాళీ గంగాళంలో మొదటి ధార ఖంగుమనేది. నిండేకొద్దీ చప్పుడు బొంగురుపోయేది. వసారాలో పడుకుని కళ్లు మూసుకునే, అది ఎంతవరకు నిండిందో పిల్లలం చెప్పేవాళ్లం. మీ అత్తగారికీ ఆ చప్పుడు తెలిసే ఉంటుంది.

96 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా పెంకులన్నీ లేచిపోయాయి, తోటలో కొబ్బరిచెట్లు వరసగా ఒరిగిపోయాయి. టేకు స్తంభాలు మాత్రం కదల్లేదు. వీధిలోవాళ్లంతా ఆ స్తంభాల మధ్యే తెల్లవార్లూ కూర్చున్నారు. ఆ ఇళ్లంటే నాకందుకే అంత ప్రాణం.

ఇల్లు మాట్లాడుకునేముందు మండువా పైన ఏం వేశారో అడగండి. కోతుల కోసం ఇనప జాలీ వేస్తే ఫరవాలేదు. ఫైబరు రేకు కప్పేస్తే వాన లోపలికి రాదు, ఆ ఇల్లు వద్దు. బాత్రూము గదిని ఆనుకునే ఉండాలి, పాత ఇళ్లలో అది పెరట్లో ఎక్కడో ఉంటుంది. గడపలు ఎత్తు. మండువాలోకి దిగే మెట్టు తడిస్తే జర్రున జారుతుంది, అక్కడ గోనెపట్టా వేయమనండి. నవారు మంచం కిందికి ఉంటుంది, ఆ మోకాళ్లతో లేవలేరు, ఎత్తు మంచం అడగండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు దాటిందని వింటే మాత్రం ప్రయాణం ఆపుకోండి. లంకల వైపు రోడ్లు మునుగుతాయి.

కోనసీమ కోడలు:
చాలా థాంక్సండీ. ఇద్దరిని అడిగాను. ఒకరింట్లో రేకు ఉంది, వదిలేశాను. రెండో ఆయన జాలీయే అన్నారు, ఎత్తు మంచం కూడా వేస్తామన్నారు. గంగాళం ఉందా అంటే, "ఉందండి, అటక మీద పడేశాం, దింపి చింతపండుతో తోమిస్తాను" అన్నారు. అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.