నాన్న దగ్గర 230 క్యాసెట్లున్నాయి, ఏం చెయ్యాలి? అసలిప్పుడు పాట కొనడం అంటే ఏంటి?

సైడ్‌బి_గుంటూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం బెంగళూరులో. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ అటక మీద నుంచి మూడు అట్టపెట్టెలు దింపించి, "ఇవి నువ్వు తీసుకెళ్తావా, పాతసామాన్లవాడికి వెయ్యమంటావా, ఏదో ఒకటి తేల్చు" అంది. లెక్కపెడితే 230 క్యాసెట్లు. సగం కంపెనీవి, సగం నాన్న బజార్లో రికార్డు చేయించుకున్నవి. నాన్న ఏమీ మాట్లాడలేదు. పేపరు చదువుతున్నట్టే కూర్చున్నాడు గానీ ఆ పావుగంటా పేజీ మాత్రం తిప్పలేదు.

నాకేమో వీటిలో నూటికి తొంభై పాటలు ఫోన్లో ఉన్నాయి కదా, ఇంకా ఇవెందుకు అనిపించింది. సరే అని ఒక బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చి, నేను నెలనెలా డబ్బులు కట్టే యాప్‌లో ఆయనకిష్టమైన పాటలన్నీ కలిపి ప్లేలిస్ట్ చేసి ఇచ్చి వచ్చా. పదిహేను రోజులకి ఫోన్. "ఆ ఐదో పాట పలకట్లేదురా" అని. చూస్తే నిజమే, పేరు బూడిదరంగులోకి పోయింది, నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంకో పాట ఉంది కానీ రెండో చరణం లేదు, ఆయన రికార్డు చేయించుకున్న క్యాసెట్లో మాత్రం ఉంది. నాన్న ఒకటే అన్నాడు. "నేను 1989లో పాతిక రూపాయలిచ్చి కొన్నా. ఇంతవరకూ ఎవడూ వచ్చి వెనక్కి తీసుకుపోలేదు."

రెండు ప్రశ్నలు. ఈ క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించడం మనలాంటివాళ్ల వల్ల అయ్యే పనేనా? రెండోది, ఇవాళ ఒక పాటని డబ్బులిచ్చి సొంతంగా, ఎవరూ లాక్కోలేకుండా కొనుక్కోవాలంటే దారేంటి?

---

తెనాలి_రికార్డింగ్

మీ నాన్నగారి మాట చదివి నవ్వుకున్నానండీ. నేను 1986 నుంచి 2004 దాకా తెనాలిలో రికార్డింగ్ సెంటర్ నడిపాను, మీ పెట్టెల్లో నా చేతి క్యాసెట్ ఒకటైనా ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తున్నా. వచ్చేవాళ్లు నోటుబుక్కు కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చేవాళ్లు. 60 క్యాసెట్ అయితే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు, 90 అయితే నలభై అయిదు. నాలుగున్నర నిమిషాల పాటలు ఆరు పడితే ఇంకా మూడు నిమిషాలు మిగిలేవి, అందులో ఏం పెట్టాలన్నదే మా పనితనం. చిన్న బిట్ సాంగో, శ్లోకమో పెట్టేవాణ్ణి. కొందరు "ఏదో ఒకటి పెట్టు, ఖాళీ మాత్రం వదలొద్దు" అనేవాళ్లు, కొందరు పాట సగంలో తెగితే మళ్లీ వచ్చి పోట్లాడేవాళ్లు. క్యాసెట్ వాళ్లదైతే రికార్డింగ్‌కి పది పదిహేను రూపాయలు తీసుకునేవాణ్ణి. శబ్దం ఎంతుందో చూపించే మీటరు సూది ఎర్రగీత దాటకుండా చూసుకుంటూ, ఒక కస్టమర్ పాటలు మొత్తం విని తీరాల్సిందే, వేరే దారి లేదు. అలా నాకు రాని పాట లేదు.

మీ రెండో చరణం సంగతి నాకు తెలుసు. రికార్డులో లేని చరణం కావాలని ఎవరైనా అడిగితే మేం సినిమా వీడియో క్యాసెట్ తెచ్చి వీసీఆర్ నుంచి వైరు లాగి ఎక్కించేవాళ్లం. మీ నాన్నగారి క్యాసెట్లో పాట మొదట్లో తలుపు చప్పుడో, డైలాగు ముక్కో వినబడుతుందేమో చూడండి. వినబడితే అది సినిమాలోంచి తీసిందే. అదైతే పారెయ్యకండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మేం చేసింది కూడా దొంగపనే. కంపెనీకి రూపాయి వెళ్లేది కాదు. తర్వాత రోడ్డు మీద నూట యాభై పాటల ఎంపీ3 సీడీ ముప్పై రూపాయలకి పెట్టినప్పుడు "అన్యాయం" అని మేమే గోల పెట్టాం. ఎవరి మీద పెట్టాలో తెలియలేదు అంతే.

---

వేవ్‌ఫైల్

పని అవుతుంది, కానీ ఓపిక కావాలి. 230 క్యాసెట్లు గంటవి అనుకున్నా 230 గంటలు, ఎందుకంటే టేపు దాని వేగంతో అది తిరగాల్సిందే. అందుకని నా మొదటి సలహా, అన్నీ చెయ్యొద్దు. కంపెనీ క్యాసెట్లలో యాప్‌లోనూ, సీడీల్లోనూ మంచి కాపీ దొరికేవి వదిలెయ్. రికార్డు చేయించుకున్నవి, ఎక్కడా దొరకనివి, హరికథలు, ఊళ్లో నాటక పరిషత్తులవి ఏమైనా ఉంటే అవి ముందు.

ప్లే చేసే ముందు కిటికీలోంచి టేపు చుట్ట చూడు. అంచున తెల్లటి పొడి ఉంటే బూజు. దాన్ని డెక్‌లో, అంటే క్యాసెట్ ప్లేయర్‌లో పెడితే, టేపు మీది పాటని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. అవి విడిగా పెట్టు. బాగున్నవాటిని కూడా నేరుగా ప్లే చెయ్యకు, ఇన్నేళ్లు కదలకుండా ఉన్న టేపు పొరలు అతుక్కుని ఉంటాయి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పాక ప్లే చెయ్. లోపల హెడ్‌కి ఆనే చోట చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోతే పాట గుసగుసలాడినట్టు వస్తుంది. మూలల్లో స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి మరో డబ్బాలోకి మార్చొచ్చు, అతికించేసినదైతే కష్టం.

వెయ్యి రూపాయల్లో దొరికే యూఎస్‌బీ వాక్‌మన్లు కొనకు, మోటారు వేగం నిలవదు, పాట ఊగుతుంది. పాత డెక్ ఒకటి సంపాదించి బెల్టులు మార్పించు. దాని లైన్ అవుట్ (వెనకాల శబ్దం బయటికి వచ్చే సాకెట్) నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకో. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు, ఉచితం. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, అంటే సీడీ లెక్క. నిమిషానికి పది ఎంబీ, గంట క్యాసెట్‌కి 600 ఎంబీ పైచిలుకు. శబ్దం ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే దాదాపు సగం అవుతుంది, నాణ్యత పోదు.

అందరూ వదిలేసే పని ఒకటుంది. హెడ్ పక్కన ఒక బుల్లి స్క్రూ ఉంటుంది, అది హెడ్ వాలుని సరిచేస్తుంది. ఏ డెక్‌లో రికార్డయిందో ఆ డెక్ వాలు టేపులో ఉండిపోతుంది, నీ డెక్ వాలు వేరే. పాట మోగుతుండగా ఆ స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ విను, తాళాల శబ్దం ఎక్కడ తేటగా వస్తుందో అక్కడ ఆపు. నేను మొదటిసారి చేసినప్పుడు గది కిటికీ తెరిచినట్టయింది. "టేపు అరిగిపోయింది" అని జనం పారేసిన క్యాసెట్లలో చాలావాటికి రోగం ఇదే.

"ఫోన్లో ఉంది కదా" అన్నావు కాబట్టి ఇది కూడా. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు. ఎంపీ3 అనేది జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్లు ముందుండి తయారుచేసిన పద్ధతి, చెవి ఎలాగూ పట్టుకోలేని శబ్దాలని లెక్కగట్టి తీసేస్తుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 అంటే సీడీలో పదకొండో వంతు. మోడెమ్ కాలంలో అది వరమే, ఒక పాట నాలుగైదు ఎంబీల్లో వచ్చేది. కానీ అప్పుడు ఎవరో నాసిగా చేసిన ఫైళ్లనే తర్వాత 320 కిలోబిట్లకి మార్చి ఎక్కించారు, ఇవాళ నెట్‌లో తిరిగే పాత పాటల్లో అవి బోలెడు. ఫైలు లావయింది కానీ పోయిన శబ్దం తిరిగి రాదు కదా.

ఇక కొనడం. ఆపిల్ వాళ్ల పాటల దుకాణం ఐట్యూన్స్ స్టోర్ అమెరికాలో 2003లో పాట 99 సెంట్లకి మొదలైంది, మన దేశానికి 2012 చివర్లో గానీ రాలేదు. ఫ్లిప్‌కార్ట్ కూడా 2012లో ఫ్లైట్ అని ఎంపీ3 పాటలమ్మే దుకాణం తెరిచి 2013 మధ్యకల్లా మూసేసింది. ఎవరు కొంటారు, అప్పటికే పెన్‌డ్రైవ్ నిండా ఉంటే! సొంతంగా పాడుకునే కళాకారులవి బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో కొనుక్కుంటే ఫైలు నీదే. పాత సినిమా పాటలకి మాత్రం నా లెక్కలో ఇప్పటికీ పాత సీడీలే దారి. కొను, రిప్ చేసుకో (అంటే కంప్యూటర్లోకి కాపీ చేసుకో), ఎవడూ బూడిదరంగు పుయ్యలేడు.

---

పల్లవి_చరణం

పైన చెప్పిందంతా నిజమే, నా గోల వేరే. ఆ క్యాసెట్లు డిజిటల్ చేసినా చెయ్యకపోయినా లోపలి కాగితాలు మాత్రం ఫోటో తీసి దాచండి దయచేసి.

క్యాసెట్ డబ్బాలో మడిచిన అట్ట ఉంటుంది, దాని మీద ప్రతి పాటకీ ఎదురుగా ఎవరు రాశారు, ఎవరు పాడారు అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఒకే సినిమాలో రెండు పాటలు వేటూరివీ, రెండు సిరివెన్నెలవీ, ఒకటి ఇంకొకరిదీ అయితే మనకి తెలిసేది అలాగే. యాప్ తెరవండి. "ఆర్టిస్ట్" అని ఒక్క గడి. అందులో ఒక పాటకి సంగీత దర్శకుడి పేరు, ఒకదానికి గాయకుడి పేరు, ఒక్కోసారి హీరో పేరు. హీరో పాడాడా? కవి పేరు కావాలంటే మూడు చుక్కలు నొక్కి లోపలికెళ్లి వెతకాలి, ఉంటే ఉన్నట్టు. ఇది విదేశాల్లో బ్యాండ్ల కోసం కట్టిన గడి, మన సినిమా పాట దాంట్లో పట్టదు.

ఇది పేరు పిచ్చి మాత్రమే కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ, థియేటర్లో సినిమాతో పాటు ఆడటం మినహాయిస్తే మిగతా వాడకాలన్నిటికీ రాయల్టీలో వాటా ఉంది, దాన్ని నిర్మాతకి వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. మరి పేరే తప్పుగా ఎక్కితే ఆ వాటా ఎవరి గుమ్మానికి వెళ్తుంది?

చరణం తగ్గడం గురించి ఇంకో మాట. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. సినిమాలో అయిదు నిమిషాల పాట రికార్డుకి వచ్చేసరికి కత్తిరింపు పడేది, లేకపోతే రెండు వైపులకీ పంచేవాళ్లు. ఆ రికార్డు నుంచి తీసిన కాపీ యాప్‌లోకి ఎక్కితే ఆ కత్తిరింపు కూడా ఎక్కుతుంది. పాట పొడవుని ఎప్పుడూ దాన్ని దాచే పెట్టె నిర్ణయించింది లెండి, ఇప్పుడు ఇన్‌స్టా రీల్ నిర్ణయిస్తోంది.

---

ఇయర్‌బడ్_పాలకొండ

అంకుల్స్ అందరూ క్షమించాలి, నాకీ బాధ పూర్తిగా ఎక్కట్లేదు. మా ఊళ్లో క్యాసెట్ షాపే లేదు. నేను చిన్నప్పుడు పాట వినడం అంటే బస్సులో డ్రైవర్ పెట్టింది వినడం. తర్వాత మా అన్నయ్య చైనా ఫోన్ తీసుకుని పాలకొండలో రీచార్జి షాపుకెళ్లేవాడు. ముప్పై రూపాయలిస్తే 2 జీబీ కార్డు నింపిచ్చేవాడు. మనం ఏం అడిగినా వాడి దగ్గరున్న ఫోల్డరే, పేరు "న్యూ హిట్స్ 2 ఫైనల్". అందులో ఒకే పాట మూడు సార్లు ఉండేది, ప్రతి పాట మధ్యలో ఏదో వెబ్‌సైట్ పేరు ఒకమ్మాయి గొంతు చదివేది. ఆ పాటలు ఇప్పుడు శుభ్రంగా వింటున్నా ఆ చోటొస్తే నా చెవి ఆ అమ్మాయి కోసం ఆగుతుంది, అది వేరే విషయం.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడాదిలో నేను విన్న పాటలు మా నాన్న జీవితంలో విని ఉండడు. ఎవరినీ లిస్టు రాసి అడగక్కర్లేదు, నేనేం వింటున్నానో షాపువాడికి తెలియక్కర్లేదు. ఆడపిల్లలకి ఇది ఎంత పెద్ద విషయమో మీరు ఆలోచించారో లేదో. ఇంకా జానపదాలు. మా ఉత్తరాంధ్రవీ, తెలంగాణవీ యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్‌తో తిరుగుతున్నాయి, పాడినవాళ్లు ఏ క్యాసెట్ కంపెనీ తలుపూ తట్టలేదు.

ఒప్పుకునేది ఒకటుంది. డబ్బు విషయంలో మేమేం పొడవలేదు. అయితే మీరూ పొడవలేదు! పాటకి పది రూపాయలు పెట్టి కొననివాళ్లు, కాలర్ ట్యూన్‌కి నెలకి ముప్పై కట్టారు కదా, అది కూడా మీకు వినబడని పాట, మీకు ఫోన్ చేసినవాడు వినే పాట.

---

తెనాలి_రికార్డింగ్

కాలర్ ట్యూన్ దెబ్బ నాకే తగిలిందమ్మా, మా ఇంటావిడ ఫోన్‌కి మూడేళ్లు ఉంది. లిస్టు సంగతి కూడా నిజమే. నా కొట్టుకి ఆడపిల్లలు వచ్చేవాళ్లు కాదు, తమ్ముళ్ల చేత చీటీ పంపించేవాళ్లు. అందులో ప్రేమపాట ఉంటే ఆ తమ్ముణ్ణి అందరూ ఏడిపించేవాళ్లు. నేనూ ఆపేవాణ్ణి కాదు.

---

సైడ్‌బి_గుంటూరు

అందరికీ థాంక్స్. ఈ శనాదివారాలు ఊరెళ్లొచ్చా. తెనాలి అంకుల్ చెప్పినట్టే ఆ పాట మొదట్లో చప్పుడుంది, తలుపు కాదు, గుర్రపుబండి. నాన్నకి చెప్తే "అవును, సీన్ అక్కడి నుంచే మొదలవుతుంది" అని కథ మొత్తం చెప్పాడు. బూజు పట్టినవి 41 తేలాయి, విడిగా కట్టాం. కంపెనీ క్యాసెట్లలో ఓ యాభై తీసెయ్యొచ్చని నాన్నే ఏరాడు, మళ్లీ సాయంత్రానికి అందులోంచి పన్నెండు వెనక్కి తెచ్చుకున్నాడు. అట్టలు అమ్మ ఫోన్‌తో ఫోటోలు తీస్తోంది.

డెక్ బెల్టులు మార్పించా. హెడ్ పక్కన స్క్రూ కూడా కనబడింది కానీ నా దగ్గరున్న స్క్రూడ్రైవర్ దాంట్లోకి దూరట్లేదు. ఏ సైజు?

---

వేవ్‌ఫైల్

వాచీలు రిపేరు చేసే సెట్‌లో సన్నటి స్టార్ మొన ఉంటుంది, అది సరిపోతుంది. స్క్రూ మీద గట్టి లక్క చుక్క ఉంటే ముందు మెల్లగా గీకెయ్. తిప్పే ముందు అది ఎటు ఉందో ఫోటో తీసుకో. మొనకి అయస్కాంతం లేకుండా చూసుకో, హెడ్ దగ్గరికి అది వస్తే ప్రతి క్యాసెట్‌కీ బుస్సుమనే శబ్దం ఎక్కుతుంది. ముందు ఒక గుండుసూది అంటించి చూడు, అతుక్కుంటే ఆ స్క్రూడ్రైవర్ వద్దు.